పంచతల సౌధం: పీఠిక

దక్షిణ చీనాలోని గ్వాంగ్‌జౌ మహానగరంలో, యుయెషియు కొండమీద, ఎర్రని గోడలతో, పచ్చని మెరుగుపెంకులతో, అయిదంతస్తులుగా, 28 మీటర్ల ఎత్తున ఒక సౌధం విరాజిల్లుతున్నది. మింగ్ వంశపు తొలినాళ్లలో, 1380లో, జూ ల్యాంగ్‌జూ అనే సేనాధిపతి నగరప్రాకారాన్ని ఉత్తరానికి విస్తరింపజేసి, దానిపై దీనిని నిర్మింపజేసినాడు. సముద్రాన్ని శాంతింపజేసేదని అర్థమిచ్చే ‘జెన్‌హాయ్’ దీని అధికారనామం. ఊరివారికి మాత్రం ఇది ‘అయిదంతస్తుల మేడ’. ప్రభువులు పెట్టిన పేరులోని గాంభీర్యం కంటె జనవాక్కులోని ఈ చనువే నాకు ప్రియం.

1929 నుండి ఈ సౌధమే నగర చరిత్ర ప్రదర్శనశాల. దానిని గురించి నా పూర్వశిష్యురాలు రచించిన ఈ గ్రంథానికి పీఠిక వ్రాయడం నాకు పరమానందదాయకం.

నూతన ప్రతిష్ఠ కంటె జీర్ణోద్ధరణమే అధికఫలదాయకమని మన పెద్దల మాట. పలుమార్లు శిథిలమై, పలుమార్లు పునరుద్ధరింపబడి, చివరకు 1928లో లోపలి దారునిర్మాణాన్ని విడిచి ఉక్కుకాంక్రీటును ధరించిన ఈ మేడను ప్రాచీనమనవచ్చునా అని శంకించేవారికి, రచయిత్రి వాదోపవాదాలతో గాక, ఒక్కొక్క తరం దీనికై పడిన పాటును ఓపికగా వివరించి సమాధానం చెప్పినది. ఈ పద్ధతి నాకు సమ్మతం.

క్రీ.పూ. 214లో ఈ నగరం పాన్యూ అనే పేరుతో స్థాపితమైనది మొదలుకొని, అరబ్బు, పారసీక వర్తకుల రాకపోకల మీదుగా, 1757 తరువాత ఐరోపా ఓడల వ్యాపారమంతా ఈ ఒక్క రేవుకే పరిమితమైన కాలం వరకు, నగరగాథను ఆమె తొందరపాటు లేక నడిపించినది. ఉజ్జయినివాడైన బౌద్ధభిక్షువు పరమార్థుడు 546లో సముద్రమార్గాన ఈ తీరాన దిగి, వార్ధక్యంలో ఇక్కడనే వసుబంధుని అభిధర్మకోశాన్ని చీనాభాషలోకి పరివర్తించిన వృత్తాంతాన్ని ఆమె ప్రస్తావించినది. అది మరికొంత విస్తరించి ఉంటే బాగుండునని నా అభిలాష.

ప్రదర్శనశాల ఆవరణలో పాత ఫిరంగులున్నవి, శిలాశాసనాలున్నవి. ఫిరంగులను నాలుగు వాక్యాలలో ముగించి, శాసనాల ముందు ఆమె దినాలతరబడి కూర్చున్నది. అరిగిన అక్షరాన్ని ఊహతో పూరింపక, అరిగినదనియే వ్రాసుకొన్నది. ఆ అధ్యాయాన్ని నేను రెండుమార్లు చదివినాను.