పొర ఎరిగిన దెబ్బ

మార్కాపురం పలక గనుల్లో రాయి చీల్చేవాళ్లు ఒళ్లంతా ఊపి కొట్టరు. ముందు రాయిని పక్కకు తిప్పి అంచు చూస్తారు. బొటనవేలితో తడుముతారు. పొర దొరికిన చోట ఉలి ఆనించి చిన్నగా ఒకటి, కాస్త జరిపి ఇంకొకటి. అంత రాయీ చప్పుడు లేకుండా రెండవుతుంది. బలం చూపించబోయిన కొత్తవాడి ముందు మాత్రం పెంకులే మిగులుతాయి.

నిఖత్ జరీన్ తల్లీ, నువ్వు రింగులో దూరం పాటిస్తూ, ఎదుటిపిల్ల చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ తిరుగుతుంటే మా కళ్లకు ఆ ఉలి పట్టిన చేతులే కనిపిస్తాయి.

నువ్వు మా పిల్లవు కావు. మా నల్లమల దిగి, కృష్ణ దాటి, ఇంకా ఉత్తరానికి పోతే వచ్చే నిజామాబాద్ నీది. అయితేనేం, పొగడటానికి పొలిమేర అడ్డమా?

మీ నాన్న జమీల్ అహ్మద్ నిన్ను మొదట పరుగు పందేలకే తీసుకెళ్లాడు. మైదానంలో అన్ని ఆటల దగ్గరా ఆడపిల్లలున్నారు, బాక్సింగ్ దగ్గర తప్ప. ఎందుకని అడిగావు. ఆడపిల్లలకు అంత బలం లేదని జనం అనుకుంటారమ్మా అన్నాడాయన. అనుకునేవాళ్లను అనుకోనిచ్చి నువ్వు గ్లవ్స్ తొడుక్కున్నావు. మగపిల్లలతోనే సాధన. కన్ను కమిలి, ముక్కున రక్తంతో ఇంటికొస్తే, ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని మీ అమ్మ ఏడ్చింది. మా గిద్దలూరులో అయితే పెద్దమ్మలూ మేనత్తలూ కూడా చేరి ఏడ్చేవాళ్లు. ఆ ఏడుపుల నడుమ నుంచే నువ్వు 2011లో టర్కీ వెళ్లి, అంతాల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం తెచ్చావు. అప్పటికి నీకు పదిహేనేళ్లు కూడా నిండలేదు.

జపాన్‌లో నవోయా ఇనోవే అనే వీరుడున్నాడు. అతనికీ నాన్నే గురువు. 2022 డిసెంబరులో ఒక తరగతిలో, 2023 డిసెంబరులో అంతకంటే పై తరగతిలో, ఉన్న నాలుగేసి ప్రపంచ బెల్టులూ పోగేసుకున్నాడు. ప్రొఫెషనల్ ఆటలో ఒక రాజసం ఉంది. బెల్టు కావాలంటే ఎదుటివాడు అతని దాకా రావాలి, పన్నెండు రౌండ్లు నిలబడి లాక్కోవాలి. నీ ఆటకు ఆ వైభోగం లేదు. మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. నిన్న ప్రపంచ విజేతవైనా రేపటి పోటీలో మళ్లీ మొదటి బౌట్ నుంచే. అందుకే నిన్ను పొగడాలనిపిస్తుంది.

2017లో భుజం దెబ్బతింది. అది మాని నువ్వు తిరిగొచ్చేసరికి ఒలింపిక్ దారిలో మేరీ కోమ్ అంతటి మనిషి ఉంది. ట్రయల్ లేకుండా ఎంపిక చేస్తే ఎలా, న్యాయంగా పోటీ పెట్టండని క్రీడల మంత్రికి లేఖ రాశావు. నీకప్పుడు ఇరవై మూడేళ్లు. నువ్వు చిన్నప్పటి నుంచీ ఆరాధించిన మనిషితోనే తలపడతానని రాయడానికి ఎంత గుండె కావాలి! ట్రయల్ పెట్టారు. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో 9-1తో ఓడిపోయావు. నన్నడిగితే నీ స్వర్ణాలన్నీ ఒక ఎత్తు, ఆ లేఖ ఒక్కటీ ఒక ఎత్తు. అడిగి ఓడిపోతే పరువు పోతుందని నోరు కట్టేసుకున్నవాళ్లు మా బజారులోనే ఎంతమందో.

తర్వాత సంగతి లోకమెరిగిందే. 2022 మే 19, ఇస్తాంబుల్, 52 కిలోలు. థాయ్‌లాండ్ అమ్మాయి జిట్‌పాంగ్ జుటామస్ మీద ఐదుగురు జడ్జీలూ నీవైపే. గెలిచాక నువ్వు ఆరా తీసింది, ట్విట్టర్‌లో నీ పేరు మోగుతోందా అని! ఆ చిలిపితనానికి దిష్టి తీయాలి. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం. 2023 మార్చిలో ఢిల్లీలో, ఈసారి 50 కిలోల్లో, వియత్నాం బాక్సర్ న్గుయెన్ థి టామ్ మీద రెండో ప్రపంచ కిరీటం. మూడో రౌండ్లో నీ పంచ్ తగిలి ఆమె నిలబడిపోతే రిఫరీ ఎనిమిది లెక్కపెట్టాడు. మేరీ కోమ్ తర్వాత ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లు గెలిచిన భారత మహిళా బాక్సర్‌వు నువ్వే.

ఇంతా చేసి, పారిస్ ఒలింపిక్స్‌కు వెళితే నీకు సీడింగ్ లేదు. 2024 ఆగస్టు 1న, రెండో బౌట్‌లోనే చైనా టాప్ సీడ్ వూ యూ ఎదురైంది. 0-5. బరువు నిలుపుకోవడానికి రెండు రోజులు తిండి లేదని, కాటా దిగిన తర్వాతే నీళ్లు తాగానని చెప్పావు. ఆ మాట మిగతావాళ్లు ఎలా విన్నారో గానీ, ఇక్కడ ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఆడవాళ్లకు అది వివరించక్కర్లేదు. నువ్వు పుట్టిన 1996లోనే మా వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. నీళ్ల కోసం మా ఎదురుచూపుకు నీ వయసే. ఎండిన గొంతుతో తొమ్మిది నిమిషాలు కొట్టాలంటే ఏమిటో ఈ నేలకు తెలుసు తల్లీ.

పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం వచ్చింది. ఇక చాలనుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నువ్వు కూర్చోలేదు. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్‌లో ఓడి, అదే నవంబరులో గ్రేటర్ నోయిడాలో 51 కిలోల్లో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం గెలిచావు, ఐదుగురు జడ్జీలూ మళ్లీ నీవైపే.

గెలుపో ఓటమో, ఎక్కు తల్లీ ఇంకో రింగు. కాటా దిగగానే మాత్రం ముందు కడుపునిండా నీళ్లు తాగు.