'ది రివర్ బిట్వీన్'లో బడి: ఒక పరిశీలన

ఆఫ్రికా పల్లెల్లో విద్య ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఊరివారు పూనుకొని కట్టుకున్న బడే నిలుస్తుందని అంటూ ఉంటారు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో (1938-2025) నవల 'ది రివర్ బిట్వీన్' (1965) ఈ మాటను కాదనదు. కాని అందులోని చిక్కును చూపిస్తుంది. దీన్ని క్రైస్తవానికీ సంప్రదాయానికీ మధ్య సంఘర్షణగా మాత్రమే చదివితే ఆ చిక్కు కనబడదు.

నేపథ్యం చారిత్రకమైనది. 1929లో కొన్ని మిషన్లు బాలికల సున్తీ ఆచారాన్ని విడనాడాలని గికుయు ప్రజలను పట్టుబట్టాయి. కాదన్నవారి పిల్లలకు మిషన్ బడుల తలుపులు మూసుకున్నాయి. అప్పుడు ఊళ్లు చందాలు వేసుకొని స్వతంత్ర పాఠశాలలు పెట్టుకున్నాయి. నవలలో సిరియానా మిషన్‌ను విడిచివచ్చిన వైయాకి నడిపే మరియోషోని బడి ఈ చరిత్రకు ప్రతిరూపం.

నవలకు ఆయువుపట్టు అక్కడి తల్లిదండ్రుల సభ. కమెనో, మకుయు కొండలవారికి సఖ్యత గురించి చెప్పాలని వైయాకి అనుకుంటాడు. తీరా లేచి నిలబడ్డాక గదులు, పెన్సిళ్లు, ఉపాధ్యాయుల గురించి మాట్లాడి కూర్చుంటాడు. సభ సంతోషిస్తుంది. చెప్పవలసిన మాట మిగిలిపోతుంది. చివరకు సున్తీ లేని న్యాంబురను ప్రేమించినందుకు, బడి కట్టిన జనమే ఆ ఇద్దరినీ కియామా అనే పెద్దల సభకు వదిలేస్తారు. గోడలు లేపినవారే గుమ్మం ఎవరికి తెరవాలో కూడా నిర్ణయిస్తారన్నమాట. 'సముదాయం' అనే మాటను ఉదారంగా వాడే అభివృద్ధి ప్రణాళికలు ఈ ఘట్టాన్ని గమనించాలి.

నవలలో కొరత లేకపోలేదు. ముథోని మరణం కథను మలుపు తిప్పుతుంది. అయినా కథనం వైయాకి అంతర్మథనం చుట్టూనే తిరుగుతుంది. బడి వల్ల ఆడపిల్లలకు ఏమి ఒరిగిందన్న ప్రశ్న లోతుకు పోదు.

వైయాకి చేయలేనిదాన్ని గూగీ తరువాత కమిరీతులో ప్రయత్నించారు. అక్కడి విద్యా సాంస్కృతిక కేంద్రంలో రైతులు, కూలీలు సొంత భాషలో చదవడం, రాయడం నేర్చుకున్నారు. తామే రంగస్థలం కట్టుకున్నారు. గూగీ వా మిరీతో కలిసి ఆయన రాసిన గికుయు నాటకాన్ని తామే దిద్ది 1977లో ఆడారు. ప్రభుత్వం అనుమతి రద్దుచేసి, ఆ డిసెంబరు 31న రచయితను నిర్బంధించింది. 1982లో రంగస్థలాన్ని కూల్చివేసింది. మరియోషోనిలో గురువు చెప్పాడు, జనం విన్నారు. కమిరీతులో విన్నవారే దిద్దారు. తేడా అంతా ఇందులోనే ఉంది.

గూగీ మనకు కొత్త కాదు. ఆయన 'డెవిల్ ఆన్ ది క్రాస్', 'డిటైన్డ్' గ్రంథాలను వరవరరావు జైలులోనే తెనిగించారు. ఈ నవలను మాత్రం రాష్ట్రేతర తెలుగువారు ప్రత్యేకించి చదవాలి. తెలుగు తరగతి కోసం వినతిపత్రాలు రాసే మనం, ఆ తరగతిలో ఎవరి పిల్లలు కూర్చుంటారో, ఎవరి ఇంటి తెలుగును తప్పుగా దిద్దుతారో కూడా ఆలోచించాలి. భవనం నిధుల లెక్కల్లో ఈ ప్రశ్నకు చోటు ఉండదు.