హేతువు, ఒప్పుకోలు: కవిరాజు, తుమ్మల కావ్యాలలో ఉభయసమ్మత భూమిక

ఆధునికాంధ్ర సాహిత్య చరిత్రలు త్రిపురనేని రామస్వామి చౌదరి(1887–1943)ని హేతువాద కవిగానూ, తుమ్మల సీతారామమూర్తి(1901–1990)ని గాంధేయ కవిగానూ గుర్తించి వేర్వేరు అధ్యాయాలలో నిలిపాయి. అధ్యయన సౌలభ్యానికి ఈ విభజన పనికివచ్చినా, దానివల్ల ఒక ప్రధానమైన ప్రశ్న మరుగున పడింది. పురాణ ప్రామాణ్యాన్ని నిరాకరించిన కవికీ, దైవవిశ్వాసాన్ని జీవితసూత్రంగా స్వీకరించిన కవికీ మధ్య వాదం సాధ్యమేనా? సాధ్యమైతే అది ఏ భూమికపై నిలుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వారి సిద్ధాంతాలలో కంటే వారి వాదరీతిలో లభిస్తుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఇద్దరి కార్యక్షేత్రాలూ ఇరుగుపొరుగువే. కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించిన రామస్వామి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి బారిస్టరై తెనాలిలో స్థిరపడ్డారు. ఆ పట్టణ పురపాలక సంఘాధ్యక్షులుగా పనిచేశారు. ఆయన నివాసం ‘సూతాశ్రమం’ హేతువాద చర్చలకు కేంద్రమయింది. తుమ్మల స్వగ్రామం రేపల్లె ప్రాంతంలోని కావూరు. గొల్లపూడి సీతారామశాస్త్రి, అంటే స్వామి సీతారాం, వినయాశ్రమాన్ని నెలకొల్పింది ఆ ఊళ్లోనే. నిడుబ్రోలులో ఉపాధ్యాయవృత్తి సాగించిన తుమ్మల, తరువాతి కాలంలో బాపట్ల సమీపంలోని అప్పికట్లలో నివసించారు. తెనాలి, రేపల్లె, బాపట్లల మధ్య ఉన్న ఈ కొద్దిపాటి డెల్టా నేలలో హేతువాదమూ గాంధేయ ఆస్తికతా ఒకే తరంలో, ఒకే పద్యమాధ్యమంలో వర్ధిల్లాయి. ఇద్దరూ ఛందస్సును వదలలేదు. సంప్రదాయ సాహిత్యంతో పరిచయమున్న పాఠకుడే ఇద్దరికీ లక్ష్యం. కనుక వారిని కలిపి చదవడానికి సాహిత్యపరమైన ఆధారం కూడా ఉంది.

వాదలక్షణం

హేతువాదం పాశ్చాత్య విద్యతో దిగుమతి అయిన దృక్పథమని, విశ్వాసం దేశీయమని భావించేవారు ఇప్పటికీ ఉన్నారు. భారతీయ తర్కశాస్త్ర చరిత్ర ఈ భావనను సమర్థించదు. హేతువును విశ్వాసానికి పరాయిగా నైయాయికులు చూడలేదు. ఉదయనాచార్యుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈశ్వరసిద్ధికి అనుమాన ప్రమాణాన్నే ఆశ్రయించాడు. తెలుగునాట తర్కవిద్యార్థులకు తొలి పాఠ్యమైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ జీవాత్మ పరమాత్మలను పదార్థ విభాగంలోనే చేర్చి, కొండపై పొగను చూసి నిప్పును ఊహించే పద్ధతినీ అదే పుస్తకంలో నేర్పింది. ఆస్తికుడైనా నాస్తికుడైనా అనుమానం చేసే తీరు ఒకటే. తేడా వచ్చేది ఏ హేతువు నిర్దుష్టం, ఏది హేత్వాభాస అన్న నిర్ణయంలో.

ఈ చర్చకు న్యాయసూత్రాలలోని రెండు విభాగాలు ఉపకరిస్తాయి. మొదటిది కథాభేదం. తత్త్వనిర్ణయం కోసం ప్రమాణ తర్కాలతో సాగేది వాదం. గెలుపు కోసం ఛలజాతులనైనా ప్రయోగించేది జల్పం. స్వపక్షస్థాపన లేకుండా పరపక్షఖండనతో సరిపెట్టుకునేది వితండ. రెండవది సిద్ధాంతభేదం. అన్ని శాస్త్రాలకూ సమ్మతమైనది సర్వతంత్ర సిద్ధాంతం. ఒక శాస్త్రానికే పరిమితమైనది ప్రతితంత్ర సిద్ధాంతం. అవతలివారి మాటను పరీక్ష కోసం తాత్కాలికంగా అంగీకరించి దాని విశేషాలను విచారించడం అభ్యుపగమ సిద్ధాంతం. దేవుడున్నాడన్నదీ లేడన్నదీ ఇక్కడ ప్రతితంత్రాలే. అవి ఉభయసమ్మత భూమిక కాలేవు. వాదం మొదలయ్యేది అభ్యుపగమంతో.

కవిరాజు: ప్రతివాది పత్రాలే సాక్ష్యం

‘శంబూకవధ’ (1920) రచనలో రామస్వామి చేసింది ఈ అభ్యుపగమమే. ఉత్తరకాండ కథను ఆయన కల్పన అని తోసిపుచ్చి ఊరుకోలేదు. బ్రాహ్మణ బాలుడు మరణించాడు, దానికి కారణం శూద్రతపస్సని నారదుడు చెప్పాడు, రాముడు వెతికి వెళ్లి తపస్విని వధించాడు అన్న క్రమాన్ని ఆయన ముందు స్వీకరించారు. ఆ తరువాతనే, ఒకరి తపస్సుకూ వేరొకరి మరణానికీ కార్యకారణ సంబంధం ఏమిటన్న ప్రశ్న సాగింది. తర్కపరిభాషలో చెబితే ఇక్కడ వ్యాప్తి సిద్ధించలేదు. తపస్సున్న చోటల్లా అకాలమరణం లేదు. అకాలమరణమున్న చోటల్లా తపస్సు లేదు. ఈ ఆక్షేపణను గ్రహించడానికి నాస్తికుడు కానక్కరలేదు, తర్కసంగ్రహం చదివిన ఆస్తికుడైతే చాలు.

‘ఖూనీ’లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. యజ్ఞాలను నిషేధించిన వేనుణ్ణి మునులు సంహరించారన్నది పురాణాలే చెప్పిన కథ. రామస్వామి ఆ సంఘటనను మార్చక దాని పేరు మార్చారు. పురాణంలో దుష్టశిక్షణ అయినది న్యాయస్థానపు మాటలో హత్య అయింది. వృత్తిరీత్యా న్యాయవాది అయిన కవికి ఆ పేరు సహజం. పేరు మారగానే విచారణ, సాక్ష్యం, నిందితుని ఉద్దేశం అన్న ప్రశ్నలు వాటంతటవే ముందుకు వస్తాయి.

రామస్వామిపై వచ్చే ఆక్షేపణలలో బలమైనది ఒకటుంది. రాముణ్ణి దోషిగా నిలిపే శ్లోకాలను ఆయన యథార్థంగా గ్రహించి, కీర్తించే శ్లోకాలను కవుల అతిశయంగా తోసివేస్తారు. ఒకే గ్రంథాన్ని ఒకచోట సాక్షిగా, మరొకచోట అబద్ధీకునిగా చూడడం పక్షపాతం కాదా? ఈ ఆక్షేపణకు సమాధానం సాక్ష్యశాస్త్రంలో ఉంది. 2024 వరకు అమలులో ఉన్న 1872 నాటి భారత సాక్ష్య చట్టం 21వ సెక్షను ప్రకారం ఒప్పుకోలు దాన్ని చేసిన వ్యక్తికి వ్యతిరేకంగానే సాధారణంగా చెల్లేది. తనకు అనుకూలంగా తానే చెప్పుకున్న మాటకు ఆ విలువ లేదు. రామభక్తుడైన కవి రామునికి కీడు తెచ్చే సంగతి చెప్పినప్పుడు ఆ మాటకు బరువెక్కువ. కనుక కవిరాజు ఎంపికలో కనిపించే అసమానతకు ఒక న్యాయం ఉంది.

అయితే ఆ న్యాయానికి హద్దు కూడా ఉంది. ఒప్పుకోలు ప్రతివాది ఆదర్శం తన ధర్మం ముందే నిలవడం లేదని చూపగలదు. పూర్వం నిజంగా జరిగిన చరిత్ర ఇదీ అని అది నిరూపించలేదు. శంబూక వృత్తాంతం నుంచి ఆర్య ద్రావిడ సంఘర్షణ చరిత్రను నిర్మించినప్పుడు రామస్వామి ఈ హద్దు దాటారు. అక్కడ ఆయన హేతువు వాదం నుంచి జల్పానికి జారింది. ఆయన రచనలకు ఇప్పటి పాఠకులు చేయవలసిన విమర్శ ఇది. భక్తుల మనసు నొచ్చిందన్నది విమర్శ కాదు, నొప్పి హేతువు కాజాలదు. అదే సమయంలో, ఆ నాటకంలో రాముడు స్వయంప్రేరితుడైన హంతకుడు కాడు, గురువర్గపు ఒత్తిడికి లొంగిన రాజు. ప్రతిపక్ష నాయకునికి ఇంత వెసులుబాటు ఇవ్వడం రామస్వామి స్వపక్షానికి ప్రతికూలంగా చేసిన ఒప్పుకోలు. నాటకంలో వాదం బలంగా నిలిచినచోటు కూడా అదే.

తుమ్మల: భక్తుడు రాసిన తప్పుల పట్టిక

తుమ్మల ‘ఆత్మకథ’, ‘మహాత్మకథ’లను పై దృష్టితో చూస్తే అవి కేవలం స్తుతికావ్యాలుగా కనిపించవు. గాంధీ స్వీయచరిత్ర సత్యశోధన. శాస్త్రజ్ఞుని వలె తన నిర్ణయాలు తుదివి కావని ఆయన పీఠికలోనే చెప్పుకున్నారు. తన బుద్ధికీ నీతికీ విరుద్ధమైన మతసిద్ధాంతాన్ని తిరస్కరిస్తానని వేరొకచోట ప్రకటించారు. బాల్యంలోని దొంగతనం, చాటుగా మాంసభక్షణ, తండ్రి చివరిఘడియలో దగ్గర లేకపోవడం, కస్తూర్బాపై చూపిన కాఠిన్యం ఆయన దాచుకోలేదు. ఇటువంటి గ్రంథాన్ని పద్యీకరించే కవికి ఈ తప్పులన్నిటినీ పద్యంలోకి తేక తప్పదు. ధీరోదాత్త నాయకుని గుణసంపదను వర్ణించే అలవాటున్న కావ్యమార్గానికి ఇది కొత్త పరీక్ష. నాయకుని తప్పు కావ్యవస్తువు కావడమే ఇక్కడ ఆస్తికకవి చేసిన ఒప్పుకోలు. రామస్వామి పురాణకవుల నుంచి బలవంతంగా రాబట్టినదాన్ని, తుమ్మల తన మూలగ్రంథం వల్ల స్వచ్ఛందంగా సమర్పించారు.

ఇక్కడా ఒక హద్దుంది. కావ్యమార్గం నాయకుణ్ణి నిత్యోన్నతునిగా చూడమంటుంది. శోధన మార్గం ఆయన్ను పరీక్షలో ఉన్న మనిషిగా చూడమంటుంది. ‘మహాత్మ’ అన్న పదం శీర్షికలో చేరినప్పుడు ఈ రెండింటిలో మొదటిదే పైచేయి సాధిస్తుంది. దోషాలు భావి మహత్త్వానికి మెట్లుగా మారితే అవి సాక్ష్యాలుగా మిగలవు. 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ కావ్యాన్ని ఆరాధన దృష్టితోనే చదివిన విమర్శ, అందులోని శోధన అంశాన్ని తక్కువగా పట్టించుకుంది.

ఆచరణలో పరీక్ష

ఈ ఇద్దరు కవుల మధ్య నేరుగా సాగని సంభాషణ, మరో ఇద్దరి మధ్య సాగింది. నాస్తికుడైన గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) గాంధీని సేవాగ్రామంలో కలిసి చర్చించిన వృత్తాంతం 1951లో నవజీవన్ సంస్థ ద్వారా వెలువడింది. తన ఆస్తికత సరైనదనిగానీ గోరా నాస్తికత తప్పనిగానీ తాను చెప్పలేనన్నది అందులో గాంధీ వైఖరి. వారిని కలిపింది అస్పృశ్యతా నిర్మూలన. గోరా కుమార్తెకూ దళిత యువకునికీ వివాహం జరిపించడానికి గాంధీ అంగీకరించారు. గాంధీ మరణానంతరం 1948లో సేవాగ్రామంలోనే ఆ పెళ్లి జరిగింది. దైవం ఉందా లేదా అన్న ప్రతితంత్రాన్ని పక్కనపెట్టి, అస్పృశ్యతకు హేతువు లేదన్న సర్వతంత్రాన్ని ఇద్దరూ ఆచరణలో పరీక్షించారు.

రామస్వామి ‘వివాహవిధి’ కూడా ఈ కోవలోనిదే. అర్థంకాని మంత్రాల స్థానంలో తెలుగు మాటలను నిలపడం దైవాన్ని నిరాకరించడంతో సమానం కాదు. తాను చేసే ప్రమాణం తనకు అర్థం కావాలన్న నియమం హేతువుకు మొదటి మెట్టు. అర్థం తెలిసి ప్రమాణం చేయదలచిన ఆస్తికుడు సైతం దాన్ని కాదనలేడు.

ఉపసంహారం

ఆస్తిక నాస్తికులకు ఉమ్మడి భూమికగా హేతువును పేర్కొనేటప్పుడు అది ఎవరికీ చెందని తటస్థ స్థలమని అనుకోవడం పొరపాటు. ఎదుటివారి ప్రమాణాన్ని పరీక్షకు స్వీకరించడం, స్వపక్షానికి ప్రతికూలమైనదాన్ని ఒప్పుకోవడం అన్న రెండు పనుల వల్ల ఆ భూమిక ఏర్పడుతుంది. కవిరాజు మొదటిదాన్ని విరివిగానూ, రెండవదాన్ని అరుదుగానూ చేశారు. తుమ్మల రెండవదాన్ని మూలగ్రంథ బలంతో చేశారు, మొదటిదానికి పూనుకోలేదు. వెక్కిరించి ఊరుకునేవారు, నొచ్చుకుని నోరు మూయించేవారు ఇద్దరూ వాదాన్ని విడిచినవారే. తెలుగు సాహిత్య చరిత్రలో హేతువాద, గాంధేయ అధ్యాయాలను పక్కపక్కన ఉంచి బోధించినప్పుడు, విద్యార్థి ఎవరి పక్షం వహించాలన్నదానికి ముందే, ఎవరు ఎక్కడ ఒప్పుకున్నారో, ఎక్కడ తప్పించుకున్నారో గుర్తించడం నేర్చుకుంటాడు.