దేవతాస్తంభం వెనక దేవత

గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్ చర్చిల్లో తెలుగు బైబిలు చదివే స్త్రీలకు ‘దేవతాస్తంభం’ కొత్త మాట కాదు. నరికెయ్యాల్సిన, కాల్చెయ్యాల్సిన వస్తువుగా పాత నిబంధనలో అది పదే పదే వస్తుంది. హీబ్రూలో అక్కడున్న మాట అషేరా. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆమెను చెట్ల తోపుగా మార్చింది. తెలుగు అనువాదం చాలాచోట్ల స్తంభంగా నిలబెట్టింది. పోచమ్మను ‘వేపచెట్టు కింద రాయి’ అని రాసుకున్నట్టే ఇదీ. అబద్ధం కాదు, కానీ పేరు పోయింది.

ఆ పేరును తిరిగి తెచ్చింది తవ్వకాలే. సిరియాలోని ఉగరిత్‌లో 1929 నుంచి దొరికిన మట్టిపలకల్లో ఆమె ఎల్ దేవుడి భార్య, దేవతలకు తల్లి. 1975-76లో సీనాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్‌లో జెయెవ్ మెషెల్ తవ్వకాలు జరిపినప్పుడు క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి పెద్ద బానలు బయటపడ్డాయి. వాటి మీద సిరాతో రాసిన దీవెనల్లో యెహోవా పక్కనే ‘అతని అషేరా’ ఉంది. హీబ్రూలో వ్యక్తి పేరుకి ‘అతని’ అనే ప్రత్యయం చేరదు కాబట్టి ఇది దేవత పేరు కాదు, ఆమె చిహ్నమేనని కొందరు పండితులు వాదిస్తారు. చిహ్నమే అనుకుందాం. ఎవరి చిహ్నం?

యూదా ప్రాంతపు ఇళ్ళల్లో, రొమ్ములు చేతుల్లో పట్టుకున్న చిన్న మట్టి స్త్రీబొమ్మలు వందలుగా దొరికాయి. అవి అషేరావేనా అన్నది తేలలేదు. అవి ఇంటి బొమ్మలన్నది మాత్రం స్పష్టం. గ్రంథం గుడినీ, రాజునీ, ప్రవక్తనీ చూస్తే, పలుగూ పారా వంటింటిని చూపించాయి. ‘డిస్కవరింగ్ ఈవ్’ (1988) రాసిన కేరల్ మేయర్స్ ఆ వంటింటినే చదువుతూ వచ్చారు. అప్పటి పిండిరాళ్ళు మన తిరగళ్ళలా గుండ్రంగా తిరిగేవి కావు. కింది రాతి మీద పైరాతిని ముందుకూ వెనక్కూ తోస్తూ గంటలకొద్దీ నూరాలి. అలాంటి రాళ్ళు ఒకేచోట పక్కపక్కన దొరికాయంటే స్త్రీలు కలిసి పనిచేశారనీ, ఆ పనిలోనే ఒకరికొకరు ఆసరా అయ్యారనీ ఆమె అంటారు.

ఇది తెలిశాక యిర్మీయా 44వ అధ్యాయం వేరుగా వినిపిస్తుంది. ‘ఆకాశరాణి’ పూజను తప్పుపట్టిన ప్రవక్తకి అక్కడి స్త్రీలు ఎదురు చెబుతారు. పూజ మానేశాకే మాకు లేమి వచ్చింది, మా భర్తలకు తెలియకుండా చేశామా అని నిలదీస్తారు. వాళ్ళని ఖండించడానికే రాసినా, వాళ్ళ జవాబు మిగిలిపోయింది. తవ్వకాలు బైబిలుని నిజమని తేల్చాయా, అబద్ధమని తేల్చాయా అన్న వాదులాటలో ఈ గొంతు మళ్ళీ వినపడకుండా పోతోంది.

ఈ సంగతి దూరదేశానికే పరిమితం కాదు. గచ్చిబౌలిలోనే, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ప్రొఫెసర్ కె.పి. రావు బృందం బృహత్ శిలాయుగపు సమాధుల్ని తవ్వి, అక్కడి ఇనుప వస్తువులు సుమారు నాలుగువేల ఏళ్ళ నాటివని చెప్పింది. ఇక్కడ ఖండించడానికైనా స్త్రీల మాట రాసిపెట్టిన గ్రంథం లేదు. వస్తువులే దిక్కు. ఇనుము ఎంత పాతదని అడిగాం, మంచిదే. కుండ ఎవరు చేశారు, గింజ ఎవరు నూరారు అని కూడా అడగాలి.