కల్కి చిత్రమున భారతోత్తరకథ

2024వ సంవత్సరమున వెలువడిన నాగ్ అశ్విన్ గారి ‘కల్కి 2898 ఏడీ’ చలనచిత్రము భారతమునకు ఉత్తరకథ. వ్యాసభారత సౌప్తికపర్వమున, ఉత్తర గర్భముపై నస్త్రము విడిచిన అశ్వత్థామకు శాపావధి మూఁడువేల యేండ్లు. చిత్రమున నది యాఱువేలైనది. పండితులు దీనిని దోష మనవచ్చును. కాని మూఁడువేలతో నాగినచో నతఁడు రాఁబోవు యంత్రయుగముఁ జేరఁజాలఁడు. నాఁడు గర్భముఁ జంపఁబూనినవాఁడే యచట సుమతి గర్భమునకుఁ గావలి యగుట యీ కల్పనకుఁ బ్రాణము. యంత్రరథములు కన్నులకు విందు. మనసుఁ బట్టునది యీ ప్రాయశ్చిత్తమే.

శిశువు జన్మింపకయే కథ నిలిచినది. బనగానపల్లె, కందిమల్లాయపల్లె సీమలలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానము విని, వీరభోగవసంతరాయల రాకకై యెదురుచూచిన మనవారికి ఈ నిరీక్షణము క్రొత్త గాదు. రెండవ భాగమున కల్కి యవతరించినను, అశ్వత్థామ ఋణము తీఱనిచో రసము కొఱవడును.