ఒక్క అంకెను నమ్ముకోవద్దు

ప్రాజెక్టు లెక్కలు కట్టడమే నా పని. ఏ ఫైలు చేతికొచ్చినా ముందు అంచనాల పేజీ తిప్పుతాను. ఒక్కో అంశానికి ఒక్కటే అంకె కనిపిస్తే ఆ లెక్క మీద నాకు నమ్మకం కుదరదు.

దేవాదుల ఎత్తిపోతలనే తీసుకోండి. గంగారం దగ్గర గోదావరి నుంచి ఏడాదిలో 170 రోజులు, 38.16 టీఎంసీలు తోడి జనగామ మెట్ట పొలాల దాకా పంపాలన్నది తొలి ప్రణాళిక. మోటార్లు మన చేతిలో ఉంటాయి, ఆ 170 రోజులు మాత్రం నది చేతిలో ఉంటాయి. అదే వేగంతో తోడినా, 130 రోజులే నీరందితే వచ్చేది 29 టీఎంసీలు. 100 రోజులైతే 22. అప్పుల మీద వడ్డీ మాత్రం పైసా తగ్గదు. నీటిమట్టం నిలబెట్టి తోడే రోజులు పెంచడానికే తర్వాత దిగువన తుపాకులగూడెంలో 6.94 టీఎంసీల సమ్మక్క బరాజ్ కట్టారు.

అందుకే నా షీటులో తోడే రోజులు, పంట, కరెంటు ధర, ఇలా ప్రతి వరుసకూ మూడు అంకెలు పెడతాను: గడ్డు, నడిమి, మంచి. పక్క గడిలో 1, 2, 3లో ఏది ఎంచుకుంటే ఆయకట్టు నుంచి లాభనష్టాల దాకా అన్నీ దాని ప్రకారం మారాలి. ప్రతి అంకె ఎవరిచ్చారో, ఏ తేదీదో అక్కడే రాసి ఉండాలి. గడ్డు రోజులు జంటగా వస్తాయన్నదీ మరవకూడదు. నదిలో నీరు తగ్గిన ఏడాదే చెరువులూ ఎండుతాయి, బోర్ల మీద భారమూ పెరుగుతుంది.

నడిమి అంకెలో పదో వంతు కోసేసి దానికి గడ్డు అని పేరు పెడితే సరిపోదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. ఈ నేల చూసినదంతా గడ్డు గడిలోకి రావాలి.

మేడిగడ్డ నుంచి మొదలయ్యే కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో రూపాయి ఖర్చుకు 1.51 రూపాయల ప్రయోజనమని ప్రాజెక్టు నివేదిక చెప్పింది. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక అది 0.75 మాత్రమేనని తేల్చింది. ఇంత తేడా కాంక్రీటు పోశాక బయటపడితే దిద్దుకునే దారి ఉండదు.

ఇంజినీర్లకూ, సంతకాలు చేసే అధికారులకూ నా విన్నపం ఒక్కటే. గడ్డు అంకెలతో ఫలితం ఎంతొచ్చిందో చదవకుండా ఏ ప్రాజెక్టుకూ ఆమోదం ఇవ్వకండి.