మోర్‌బాత్ జమాఖర్చులు

ఎనిమిదవ హెన్రీ రోమ్‌తో తెగతెంపులు చేసుకున్న ఉదంతాన్ని చాలామంది రాజుగారి పెళ్ళిళ్ళ కథగానే చదువుకుంటారు. చరిత్రకారుడు ఈమన్ డఫీ 2001లో వెలువరించిన ‘ది వాయిసెస్ ఆఫ్ మోర్‌బాత్’ ఆ కథను అంతఃపురం నుంచి తప్పించి, డెవన్ కౌంటీలో ఎక్స్‌మూర్ అంచున ఉన్న ముప్పైమూడు కుటుంబాల కుగ్రామానికి తీసుకువెళుతుంది. దానికి మూలాధారం, 1520 నుంచి 1574లో మరణించేవరకు ఆ ఊరి చర్చికి గురువుగా ఉన్న క్రిస్టఫర్ ట్రికీ రాసిపెట్టిన లెక్కల పుస్తకం.

ఆ లెక్కలు ఊరందరి ముందు చదివి వినిపించడానికి రాసినవి. అందుకే అంకెల మధ్య మనిషి గొంతు వినబడుతుంది. దేవుడి గొర్రెలు ఎవరి మందలో మేస్తున్నాయి, ఎన్ని చచ్చాయి, ఉన్ని ఎంతకు అమ్ముడైంది వంటివన్నీ అందులో ఉన్నాయి. మేరీమాతకూ, ట్రికీ తానే ఆ చర్చికి పరిచయం చేసిన సిడ్‌వెల్ పునీతురాలికీ వేరువేరు నిధులుండేవి, యువకులకొకటి, కన్యలకొకటి. ప్రతిమల ముందు దీపాలు పెట్టరాదని 1538లో రాజాజ్ఞ వచ్చేసరికి ఆ నిధులకు పని లేకపోయింది. ఆరిపోయినవి దీపాలే కావు, వాటిని వెలిగించడానికి ఏటేటా ఎన్నుకొనే చిన్నచిన్న బాధ్యతలు కూడా. సిద్ధాంత చర్చల చరిత్రలకు అందని ఈ సంగతిని పట్టుకోవడమే డఫీ గ్రంథానికి ప్రాణం. మృతుల ఆరాధనకు నల్లని వస్త్రాలు కొనాలని ట్రికీ ఇరవై ఏళ్ళకు పైగా కూడబెట్టాడు. అవి చేతికందేసరికి ఆరవ ఎడ్వర్డ్ రాజ్యం వచ్చి, ఆ ఆరాధనే నిషిద్ధమైంది.

1549లో ఇంగ్లీషు ప్రార్థనా పుస్తకాన్ని నిర్బంధం చేసినప్పుడు పశ్చిమ ప్రాంతం తిరగబడింది. ఎక్సిటర్ వెలుపలి తిరుగుబాటుదారుల శిబిరానికి మోర్‌బాత్ అయిదుగురు యువకులను ఊరి ఖర్చుతో పంపిందని డఫీ ఆ లెక్కలనుంచే నిర్ధారిస్తాడు. తిరుగుబాటు ఖర్చు చర్చి పద్దులోకి ఎక్కడం ఎంత అమాయకత్వమో!

అయితే శీర్షికలోని బహువచనం దగ్గర పాఠకుడు ఆగాలి. వినిపించే గొంతు ఒక్కటే, అదీ గురువుది. సంస్కరణను లోలోపల ఆహ్వానించినవాడు ఆ ఊళ్ళో ఉన్నా, అతని మాట ట్రికీ కలం దాటి రాదు. చర్చి సేవకుడి జీతం గురించి ఏళ్ళ తరబడి సాగిన తగవును డఫీ దాచలేదు గాని, ఊరి పొందికపై మమకారం మాత్రం అతని వాక్యాలలో తొణికిసలాడుతుంది. పైగా గొర్రెల సీమ లండన్‌కూ ఎసెక్స్‌కూ బదులు చెప్పలేదు. మేరీ రాణి కాలంలో దహనమైన సుమారు 280 మందిలో సామాన్య చేతిపనివారు ఎందరో ఉన్నారు. సంస్కరణకు ప్రజాదరణ ఉందన్న ఎ. జి. డికెన్స్ 1964 నాటి వాదన వారి విషయంలో ఇంకా బలమైనదే.

ఎలిజబెత్ వచ్చాకా ట్రికీ పదవి వదలలేదు. అది భయమా, అలవాటా, బతుకుతెరువా? గురువు విధేయత సిద్ధాంతం కన్నా ఊరిపట్లే ఎక్కువని డఫీ ఊహ. లెక్కల పుస్తకం దాన్ని కాదనదు, ఔననదు.